నలభై ఒకటో పలక

విత్తిన యాభై రెండో రోజు

ఈ రోజు నుంచి కాగితం మీద కూడా రాయాలనుకున్నాను. శాఖ ఇచ్చిన ట్యాబ్‌లో అంకెలు తప్ప మాటలు పట్టవు.

ఉదయం ఆరింటికి గుట్ట మీది చలి కేంద్రం నుంచి నీళ్లు వదిలారు. తొమ్మిది డిగ్రీలు. అక్కడి నుంచి దిగే మూడు పైపు పాయల్లో నాదైన మూడో పాయ పెద్ద వాల్వు తిప్పి, పైపుకు చెవి ఆనించి నీళ్లు కదిలిన చప్పుడు విన్నాక నడక మొదలుపెట్టాను. నా పాయ కింద నలభై ఒక్క గోధుమ చేలున్నాయి. ప్రతి చేను గట్టు మీద నంబరు వేసిన ఇనుప పలక, దాని పక్కన మట్టిలోకి దిగిన సన్నటి గొట్టం. గొట్టంలోకి థర్మామీటరు దించి, వేళ్ల దగ్గర మట్టి ఎంత చల్లగా ఉందో చూసి ట్యాబ్‌లో నింపాలి. వంతు ప్రకారం వాల్వులు తెరవాలి, మూయాలి. చలి లైన్‌మన్ శరణమ్మ అంటే ఈ పని చేసే మనిషి.

మొదటి పలక దగ్గర పన్నెండు. ఆరో పలక మా సొంత చేను, అక్కడ పదమూడు. మా ఆయన శివరాజ్ అప్పటికే చేను మీద తెల్ల పరదాలు లాగుతున్నాడు.

మా అత్త చిన్నప్పుడు గోధుమ రైతుకు సర్కారు విత్తనాలు, యూరియా సబ్సిడీ మీద ఇచ్చేదట. చలి మాత్రం ఊరికే వచ్చేదట. ఆమె చెబుతుంటే నమ్మబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు జనవరి మధ్యాహ్నం ముప్పై ఎనిమిది. సబ్సిడీ అంటే మట్టి కింద పైపుల్లో పారే చల్లదనమే. అది లేకపోతే గింజ పాలు పోసుకోకముందే ఎండిపోతుంది.

తొమ్మిదింటికి ట్యాబ్ మోగింది. కొత్త ఉత్తర్వు. మూడేళ్లలో ఒక్కో చేనుకు అందిన చలినీ, ఆ చేను ఇచ్చిన దిగుబడినీ పక్కపక్కన పెట్టి చూశారట. చలి అందుకుని కూడా పండించని చేలకు అరవై ఐదో రోజు నుంచి సబ్సిడీ నిలిపేస్తారు. వాటి చలి గంటలను బాగా పండించిన చేలకు పంచుతారు. నిలిపేసే జాబితాలో నా పాయ చివరి ఎనిమిది చేలు ఉన్నాయి, ముప్పై నాలుగు నుంచి నలభై ఒకటి దాకా. పెరిగే జాబితాలో ఆరో పలక ఉంది. మాకు వారానికి ఆరు గంటలు ఎక్కువ.

నోటీసులు చేతికిచ్చి వేలిముద్ర తీసుకురావాలి. రేపు వెళ్లాలి.


యాభై మూడో రోజు

ముప్పయ్యో పలక దాటితే చెట్టూ పుట్టా లేని రాతి నేల. రెండున్నర కిలోమీటర్లు. ఆ నేల మీద ఎండకు పైపు పైన మట్టి కూడా కాలుతుంది. నలభై ఒకటో పలక చేరేసరికి పదకొండు దాటింది.

అది తుకారాం చేను. యాభై ఐదేళ్ల మనిషి. నన్ను చెల్లె అంటాడు. భార్య సక్కుబాయి బావి దగ్గర బిందె ముంచుతోంది. ఆయన నోటీసు రెండుసార్లు చదివాడు. చదవడం అయ్యాక కాలి చెప్పులు విడిచి మడిలో నిలబడ్డాడు.

"నువ్వు గూడ చెప్పులిడిచి నిలబడు చెల్లె. ఇది ఇరవై డిగ్రీలా?"

నిలబడ్డాను. అరికాళ్లకు వెచ్చగా తగిలింది.

"మూడేండ్లు సగటున ఇరవై అందిందని రాసిండ్రు. ఎవరు జెప్పిండ్రు వీళ్లకు?" అని ఆయన పలక వైపు చూశాడు. "గీ పలకనేనా? లోపల మిషిను ఏం పంపుతున్నదో ఏమో."

నేను గొట్టంలో థర్మామీటరు దించాను. ఇరవై ఏడు. ఆయనకు చూపించకుండా తుడిచి సంచిలో పెట్టుకున్నాను. వేలిముద్ర వేయించుకుని, మిగతా ఏడిళ్లకూ తిరిగి వచ్చేశాను. తాగమని సక్కుబాయి ఇచ్చిన మజ్జిగ సగం తాగి వదిలేశాను.

ఎవరు చెప్పారో నాకు తెలుసు, నేనే. పలకల్లోని యంత్రాలు నాలుగేళ్ల కిందటి వేసవికి పాడైపోయాయి. బాగుచేసే దాకా చేత్తో కొలిచి నింపమన్నారు. బాగుచేయలేదు. రైతులకు ఎవరూ చెప్పలేదు, అంకెలు ఇంకా పలకే పంపుతోందనుకుంటారు. మొదటి ఏడు నలభై ఒక్క పలకలూ నడిచాను. రెండో ఏడు ముప్పై రెండో పలక దగ్గర ఎండదెబ్బ తగిలి పడిపోయాను. ఎంతసేపు పడి ఉన్నానో తెలియదు. మేకల వాళ్లు చూసి మోసుకొచ్చారు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు.

మళ్లీ పనిలోకి వచ్చాక ముప్పయ్యో పలక దాకా నడిచి ఆగిపోయాను. అక్కడ పంతొమ్మిది ఉంటే తరువాత పదకొండింటికీ పంతొమ్మిదో ఇరవయ్యో తోచింది నింపాను. ఖాళీ వదిలితే ఆ రోజు జీతం కోస్తారు. ఒక్క వారమే కదా అనుకున్నాను. ఎవరూ అడగలేదు. మూడు పంటలు గడిచిపోయాయి.


యాభై నాలుగో రోజు

శివరాజ్‌కు చెప్పాను. ఆయన పరదా తాడు కడుతూ విన్నాడు. ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు.

"ఒక్కటో పాయ, రెండో పాయ లైన్‌మన్లు రోజు చివరిదాంక నడుస్తున్నరనుకున్నవా?" అన్నాడు.

"నాకు తెల్వది."

"నాకు తెల్సు. నడ్వరు. అందరు జేసిన పనికి నువ్వొక్కదానివి తలమీదేస్కుంటవా?"

"వాళ్ల చలి మనకొచ్చింది."

"మనం అడిగినమా? సర్కారిచ్చింది." తాడు బిగించి మెల్లగా అన్నాడు. "పోయినేడు పరదాలకు ఎంత తిప్పలు వడ్డమో నీకు తెల్వదా? ఈ ఆరు గంటలొస్తె ఈ యేడన్న నిమ్మలంగ ఊపిరి పీల్చుకోవచ్చు. నీ ఉద్యోగం పోతె ఏం జేస్తం?"

ఆయన చెడ్డవాడు కాదు. నేను పడిపోయిన ఏడు నాలుగు రోజులు ఆసుపత్రి నేల మీద పడుకున్నాడు. అటువైపు ఇక వెళ్లొద్దని మొదట అన్నది కూడా ఆయనే.


యాభై ఏడో రోజు

మూడు రోజులుగా చివరి దాకా నడుస్తున్నాను. తల మీద తడి తువ్వాలు, సంచిలో రెండు సీసాల నీళ్లు. నిజంగా కొలిచింది నింపితే ఆఫీసే చూసుకుంటుందని నా ఆశ.

నలభై ఒకటో పలక, ఇరవై ఏడు అని నింపాను. ట్యాబ్ తీసుకోలేదు. "కొలత నమ్మదగినది కాదు. పరికరం సరిచూసుకోండి" అని వచ్చింది. థర్మామీటరు మార్చి మళ్లీ కొలిచాను. ఇరవై ఏడే. మళ్లీ అదే మాట. పాత సగటుకు మూడు డిగ్రీలు దాటి తేడా ఉంటే పట్టదట. పాత సగటు అంటే నేను కొలవకుండా కట్టింది. నా అబద్ధాన్ని నమ్మి అది నా నిజాన్ని తోసేస్తోంది.

ఇరవై మూడు వేస్తే పట్టింది. ఆ అంకె కూడా అబద్ధమే. చెరిపేద్దామంటే చెరగలేదు.

చివరి చేలలో పూత మొదలైంది. వెన్నులు సన్నగా ఉన్నాయి.


యాభై తొమ్మిదో రోజు

మండల కేంద్రానికి వెళ్లి ఏఈ మేడంను కలిశాను. నుస్రత్ జహాన్ అని, వచ్చి ఏడాదయింది. ముప్పై ఏళ్లుంటాయి. బల్ల మీద మూడు పాయల పటం పరిచి ఉంది. కుర్చీ చూపించింది.

"చివరి పలకలకు చలి అందుతలేదు మేడం. ఇరవై ఏడు ఉంటున్నది," అన్నాను.

"ఈ వారమేనా, ముందు నుంచా?"

నేను పటం కేసి చూశాను. ఆమె పటం మీద వేలు పెట్టి మూడో పాయ పొడవునా జరిపింది.

"పైపు చూస్తే నాకూ అనుమానమే శరణమ్మా. ఇంత దూరం పోయాక ఇరవై ఉండటం కష్టం. కానీ మూడేళ్ల అంకెలు ఒకే తీరుగా ఉన్నాయి. ఈ వారం చలి తగ్గిందని రాస్తే ఈ వారానికే మరమ్మతు చేస్తారు. ఉత్తర్వు ఆగదు. మూడేళ్లుగా అందలేదని రాయాలంటే, ఆ అంకెలు తప్పని రాయాలి. తప్పు ఎవరిదని రాయను?"

ఆమె గద్దించలేదు. నిజంగానే అడిగింది. కిటికీ బయట ట్యాంకరు వెనక్కి తిప్పుకుంటోంది. అది తిరిగే దాకా చూస్తూ కూచున్నాను.

"కనుక్కొని చెప్తా మేడం," అని లేచి వచ్చేశాను.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరో కూచుని చూస్తున్నట్టే ఉంది.


అరవై రెండో రోజు

తుకారాం చేలో మడుల మీద తడిపిన గోనెసంచులు పరిచారు. బావిలో నీళ్లు మోకాలి లోతే. సక్కుబాయి తోడుతుంటే ఆయన చల్లుతున్నాడు. చల్లిన పావుగంటకే సంచులు ఎండిపోతున్నాయి. ఎనిమిది చేలలోనూ ఇదే పని. పూత మాడితే ఇక ఆ వెన్నులో గింజ కట్టదు.

నన్ను చూసి తుకారాం బిందె దించాడు.

"మా ఎనిమిది మంది అర్జీ పెట్టినం. ఎల్లుండి విచారణకు పిలిచిండ్రు. జిల్లా సారు వస్తడట. నువ్వు రావాలె చెల్లె."

"నేనొచ్చి ఏం చెప్పాలె అన్నా?"

"పలక ఖరాబైందని చెప్పు, చాలు. మేం చెప్తె నమ్మరు. లైన్‌మన్ చెప్తె నమ్ముతరు."

అంత తేలికైన మాట ఆయనే నా చేతిలో పెట్టాడు. అందులో అబద్ధం కూడా లేదు. పలక చెడిపోయిన మాట నిజమే. అది అన్నాక ఎవరూ నా వైపు చూడరు.

"వస్త," అన్నాను.

సక్కుబాయి రెండు రొట్టెలు, పచ్చిమిరప నూరిన కారం తెచ్చింది. ఈసారి మొత్తం తిన్నాను.


అరవై నాలుగో రోజు

విచారణ మండలాఫీసు మీటింగు హాల్లో. ఫ్యాన్లు తిరుగుతున్నా అందరి చొక్కాలూ తడిసే ఉన్నాయి. జిల్లా అధికారి తల నెరిసిన మనిషి, మాట నెమ్మది. ఆయన పక్కన ఏఈ మేడం వాంగ్మూలాలు రాస్తోంది. ఎనిమిది మంది రైతులు ముందు వరసలో కూచున్నారు. సక్కుబాయి గోడ దగ్గర నిలబడింది. నేను తలుపు పక్కన ఉన్నాను.

తుకారాం లేచాడు. "పలక ఖరాబైంది సారు. మా మట్టి వేడిగ ఉంటది. పలక సల్లగుందని పంపుతది."

అధికారి కాగితం తిప్పాడు. "పలక కాపలా ఎవరిది?"

"మాదే సారు. ఒప్పందంల రాసుకున్నం."

"ఏడో షరతు చదివారా? పలక చెడిపోతే వారం లోపు రైతే తెలపాలి. మీరు మూడేళ్లు తెలపలేదు. అంటే మీకు తెలిసే జరిగిందనుకోవాలి. పలకను పాడుచేసినట్టు తేలితే ఐదేళ్ల దాకా ఏ సబ్సిడీ రాదు. కేసు కూడా అవుతుంది."

"మేం ముట్టుకోలేదు సారు."

"ముట్టుకోకుండా ఎనిమిది పలకలు వరసగా ఎట్లా చెడిపోతాయి?" అని ఆయన నా వైపు తిరిగాడు. "లైన్‌మన్ వచ్చారా? మీరు చెప్పండి. పలక చెడిపోయిందా?"

తుకారాం నా వైపు చూసి తలూపాడు, చెప్పు అన్నట్టుగా. అవునన్నానంటే ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి ఆయనకు ఇంకా అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"పలకలు ఖరాబై నాలుగేండ్లయింది సారు," అన్నాను. "అన్ని పలకలు. ఆఫీసుకు తెల్సు. అప్పట్నుంచి చేత్తో కొలిచి నేనే నింపుతున్న. వీళ్లకు తెల్వదు."

"అయితే కొలతలు సరైనవేనా?"

"కావు సారు. ముప్పయ్యో పలక దాంక కొలిచిన. ఆడి నుంచి చివరిదాంక నడవలే. కొలవకుంట రాసిన."

"ఎన్ని రోజులు?"

"మూడు పంటలు."

"ఎందుకు?"

చెప్పడానికి చాలా ఉంది అనుకున్నాను. సెలైన్ సీసాలు, కోసే జీతం, మిగతా లైన్‌మన్లు. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"ఎండకు భయపడి సారు."

ఏఈ మేడం కలం ఆపింది. "మళ్లీ ఒకసారి చెప్పండి శరణమ్మా. మీ మాటల్లోనే రాసుకుంటాను," అంది. మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది.

సంతకం చేసి తిరిగి చూసేసరికి తుకారాం, సక్కుబాయి వెళ్లిపోయారు.


అరవై ఆరో రోజు

సస్పెన్షను కాగితం వచ్చింది. పెద్ద వాల్వు తాళంచెవి, థర్మామీటరు, ట్యాబ్ అప్పగించాను. ఇక మిగిలింది ఈ పుస్తకమే.

ఉత్తర్వు ఆగింది. చివరి ఎనిమిది చేలకు పంట కోసే దాకా మునుపటి గంటలే వస్తాయి. మాకు పెరిగిన ఆరు గంటలు రద్దయ్యాయి. మిగతా రెండు పాయల్లో కూడా చివరి పలకలు కొలిపిస్తున్నారట. ఒకటో పాయ లైన్‌మన్ భార్య నన్ను కిరాణా దుకాణం దగ్గర చూసి, తీసుకోబోతున్న సామాను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మునుపటి గంటలంటే ఆ ఇరవై ఏడు డిగ్రీల చలే. అందరి గొట్టాలూ దాటుకుంటూ చివరికి మిగిలేది అంతే. నేను నిజం చెప్పినంత మాత్రాన మట్టి చల్లబడలేదు.


డెబ్బయ్యో రోజు

ఏఈ మేడం గోదాములో మూడో పాయ రైతులందరినీ కూచోబెట్టింది. పటం గోడకు అంటించి చెప్పింది. గింజ పాలు పోసుకునే ఈ మూడు వారాలు, దినం విడిచి దినం, మధ్యాహ్నం మూడు గంటలు పైనున్న ముప్పై వాల్వులు మూసి ఉంచితే చల్ల నీళ్లు నేరుగా కిందికి పోతాయి. చివరి చేలు ఇరవై రెండుకు దిగుతాయి. పైచేలకు నష్టం కొంత ఉంటుంది, పంట పోయేంత కాదు. కానీ ఎవరి వంతు వాళ్ల హక్కు. ముప్పై మందిలో ఇరవై మంది ఒప్పుకుని సంతకం పెడితేనే ఆమె ఆదేశం ఇవ్వగలదు.

మూడో పలక నర్సారెడ్డి నా వైపు తిరిగాడు. "తప్పు జేసింది వీళ్లింట్ల. ముందుగాల వీళ్లింట్ల పెట్టాలె సంతకం. గప్పుడు మేం ఆలోచిస్తం."

అందరూ శివరాజ్ వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"తప్పు ఆమెది," అన్నాడు. "ఒప్పుకున్నది. కొలువు పోయింది. ఇగ ఇంటికి మిగిలింది చేనొక్కటే. దాన్ని గూడ ఎండబెట్టుకోమంటె నాతోని గాదు. నేను పెట్టను."

బయటికి వెళ్లిపోయాడు. ఆయన అన్నదాంట్లో తప్పు ఏదని వెదికాను. దొరకలేదు. అయినా ఆయన పెట్టాల్సిందని నా మనసు కొట్టుకుంటూనే ఉంది.

తొమ్మిదో పలక ఖాజాబీ ముసలామె. ఒక్కతే సేద్యం చేసుకుంటుంది. లేచి వెళ్లి కలం అందుకుంది. "మూడు గంటలే గదా. నా చేను సావదు," అని సంతకం పెట్టింది. ఆమె వెనక ఇంకో పది మంది లేచారు. అంతే. పదకొండు దగ్గర ఆగిపోయింది. మేడం కాసేపు చూసి కాగితం మడిచింది.

గోదాము బయట శివరాజ్ లేడు. ఇంటికొచ్చాక నాతో మాట్లాడలేదు.


ఎనభై మూడో రోజు

ఆదేశం ఇవ్వడానికి లేదు కానీ ఎవరి వాల్వు వాళ్లు మూసుకుంటే అడ్డం చెప్పే షరతు ఏదీ లేదు. ఖాజాబీ, ఆ పది మంది దినం విడిచి దినం మూస్తున్నారు. నా చోట వచ్చిన హన్మాండ్లు గొడుగు పట్టుకుని చివరిదాకా నడుస్తున్నాడు. ఇప్పుడు పై నుంచి ఎవరో ఒకరు వచ్చి చూస్తున్నారు, నడవక తప్పదు.

ఈ రోజు ఎదురుపడితే అడిగాను. "నలభై ఒకటి ఎంతుంది?"

"ఇరవై నాలుగు."

ఇరవై నాలుగు చాలదు. అయినా మొన్నటి మీద మూడు డిగ్రీలు తక్కువ.

ఒకటో పాయ, రెండో పాయ చివరి చేలల్లో కూడా రాసిన అంకె ఒకటి, ఉన్న అంకె ఒకటి అని తేలిందట. ఇద్దరు లైన్‌మన్లనూ తీసేశారు. వచ్చే ఏడు ఏం చేస్తారో ఇంకా తేల్చలేదు. పైపు పొడవునా వేడి దిగకుండా తొడుగు వేయిస్తారని కొందరు, చివరి చేలను గోధుమ సబ్సిడీలోంచే తీసేసి జొన్న వేసుకోమంటారని కొందరు అంటున్నారు.

శివరాజ్ కావలసినవి గోడకు చెప్పినట్టు చెబుతాడు. ఉప్పు అయిపోయింది. పరదా చినిగింది. నేను ఉప్పు తెస్తాను, పరదా కుడతాను.


నూట పదకొండో రోజు

చివరి చేలకు కోత యంత్రం రాదు, రాతి నేల. మనుషులే కోయాలి. కూలి మనుషులు దొరకడం లేదని హన్మాండ్లు చెబితే పొద్దున్నే బయల్దేరి వెళ్లాను.

తుకారాం నన్ను చూసి మళ్లీ కోతకు వంగాడు. సక్కుబాయి కొడవలి తెచ్చి నా చేతికిచ్చి, పడమటి గట్టు చూపించింది. "ఆడికెళ్లి పట్టు," అంది. ఇద్దరం పక్కపక్క మడుల్లో వంగాం. చాలాసేపు కొడవళ్ల చప్పుడే.

మా చేను కోత అయిపోయింది. ఎకరానికి పది సంచులు. ఇక్కడ అయిదు దాటవు. పోయినేడు మూడే అయ్యాయట. వెన్నులో కింది వరస గింజలు నిండాయి, పైవి తాలు.

సక్కుబాయి తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"మూడేండ్ల సంది ఆయన నన్ను తిట్టిండు శరణమ్మా. నేను ఆయనను తిట్టిన. విత్తనం నువ్వు ఒత్తుగ ఏసినవ్, అందుకే గింజ లేదని ఆయన. నీళ్ల వంతు కాడ నువ్వు నిద్రపోయినవని నేను. మా అన్న దగ్గరి నుంచి తెచ్చిన విత్తనమని దాన్నన్నడు. మా అన్ననన్నడు. నేను ఆయన తల్లిని అన్న."

నేను కోయడం ఆపాను.

"నువ్వు కొయ్యి. ఆపకు," అంది. "పోయినేడు అప్పుల కింద రెండెకరాలు ఇడిసిపెట్టినం గద. గప్పట్నుంచి తిట్టుడు గూడ బందయింది. ఒక్కింట్ల ఉంటం, మాట లేదు. అర్జీ పెట్టినప్పుడు గూడ ఆయన ఒక్కడే పెట్టిండు, నాకు జెప్పలే. నేనే ఎనక పోయి గోడకు నిలబడ్డ."

"నాకు తెల్వదు వదినా."

"నీకెట్ల తెలుస్తది? నువ్వు రాలేదు గద." కోపంగా అనలేదు. ఉన్నదే చెప్పింది. "ఆ దినం నువ్వు సారు ముంగట చెప్పినవ్ సూడు. బస్సుల ఇద్దరం మాట్లాడలే. ఇంటికొచ్చినంక ఆయన అరుగు మీద కూసున్నడు, కూసున్నడు, చాన సేపటికి 'సక్కూ, జర చాయ్ పెడ్తవా' అన్నడు. ఆ పేరుతోని పిలవక ఎన్నేండ్లయిందో. పొయ్యి కాడ కూసోని ఏడ్సిన."

ఆమె ఒక కట్ట కట్టి పక్కన పెట్టింది.

"నిన్ను మాఫ్ జేసిననుకోకు. అది వేరే. ఆ రెండెకరాలు ఇగ రావు."

"అనుకోను వదినా."

"ఆఁ," అని మళ్లీ వంగింది.

పది గంటలకు తుకారాం నీళ్లు తెచ్చాడు. ముందు ఆమెకు, తరువాత నాకు పోశాడు. సక్కుబాయి గట్టెక్కి ఆయన పక్కన కూచుంది. ఇద్దరూ ఒక వెన్ను నలిపి, అరచేతిలో ఊది, గింజలు చూస్తున్నారు. అయిదు సంచులు అవుతాయని ఆయన, అయిదున్నర అని ఆమె. "నీకు లెక్క రాదు" అని ఆయనంటే "నీకు చూపు రాదు" అని ఆమె అంది. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు.

నేను చెంగుతో ముఖం తుడుచుకుని తరువాతి మడిలో వంగాను. మా ఇంట్లో మాటలు ఆగి నలభై ఒక్క రోజులు. తప్పు ఎవరిదో మా ఇద్దరికీ మొదటి రోజు నుంచే తెలుసు. తెలిసినందువల్ల మాకేమీ తేలిక కాలేదు. సాయంత్రం ఇంటికి పోయాక ఆయన ఎదురుగా కూచుని మొదటి మాట నేనే ఎత్తాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో ఇంకా తెలియదు. ఈ మడి అయ్యాక ఇంకా పదిహేడు మడులున్నాయి. కోస్తూ ఆలోచించుకుంటాను.